ఆఫీసుకి బిజినెస్ క్యాజువల్: మన బట్ట, మన టైలర్‌తో నీట్‌గా తయారవడం ఎలా

కొత్తగా ఉద్యోగంలో చేరేవాళ్ళకి వచ్చే జాయినింగ్ మెయిల్లో బట్టల గురించి చాలాసార్లు ఒకే ముక్క ఉంటుంది, "డ్రెస్ కోడ్: బిజినెస్ క్యాజువల్" అని. అబ్బాయిలకి దాంతో పెద్ద ఇబ్బంది లేదు, కాలర్ ఉన్న చొక్కా, ఒక మంచి ప్యాంటు, షూ, అయిపోయింది. టెన్షన్ అంతా అమ్మాయిలకే. కుర్తా వేసుకోవచ్చా, లెగ్గింగ్స్ పరవాలేదా, చీర కడితే పెళ్ళికి బయల్దేరినట్టు ఉంటుందా, జీన్స్ శుక్రవారం ఒక్కరోజేనా, ఇవేవీ ఆ మెయిల్ చెప్పదు.

చెప్పకపోవడానికి కారణం ఉంది. ఈ పద్ధతి అమెరికా ఆఫీసుల్లో మగవాళ్ళు సూటూ టై వదిలేసి, మరి ఏం వేసుకోవాలో తెలియక తికమకపడిన రోజుల్లో స్థిరపడింది. 1992లో లీవైస్ కంపెనీ తన డాకర్స్ ప్యాంట్లు అమ్ముకోవడానికి ఒక చిన్న గైడు అచ్చు వేయించి, అక్కడి కంపెనీల హెచ్ఆర్ మేనేజర్లకి వేల సంఖ్యలో పంపింది. ఖాకీ ప్యాంటు, బటన్ల చొక్కా చుట్టూ అల్లుకున్న ఆ నియమమే మన దాకా వచ్చింది. కుర్తా సంగతి, చీర సంగతి, మే నెల ఎండ సంగతి దానికి తెలియదు. కాబట్టి మనకి ఏది సరిపోతుందో మనమే తేల్చుకోవాలి. నేను హైదరాబాదు ఆఫీసుల్ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను గానీ విజయవాడలో బ్యాంకులో పనిచేసేవాళ్ళకైనా, వైజాగ్‌లో కాలేజీలో చెప్పేవాళ్ళకైనా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

చాలా ఏళ్ళుగా ఆఫీసుల్లో మనుషుల్ని చూస్తూ నాకు గట్టిగా నమ్మకం కుదిరిన విషయం ఒకటుంది. చూడగానే "ఎంత నీట్‌గా ఉంది ఈ అమ్మాయి" అనిపించేవాళ్ళ దగ్గర ఖరీదైన బట్టలు ఉండాలనేం లేదు, వాళ్ళ బట్టలు వాళ్ళ ఒంటికి సరిగ్గా సరిపోయి ఉంటాయి, అంతే. అందుకే మాల్‌కి వెళ్ళేముందు ఒక మంచి టైలర్‌ని వెతుక్కోమంటాను.

ముందు టైలర్ సంగతి

రెడీమేడ్ కుర్తా ఎంత పెట్టి కొన్నా అది మీ కొలతలకి కుట్టింది కాదు. భుజాలు సరిపోతే ఛాతీ దగ్గర బిగుతు, ఛాతీ సరిపోతే భుజాలు జారిపోతాయి. కొనేటప్పుడు మొదట చూడాల్సింది భుజమే. భుజం కుట్టు మీ భుజం ఎముక చివర దగ్గర ఆగాలి, చేతి మీదికి దిగకూడదు, మెడవైపు జరగకూడదు. ఎందుకు భుజం గురించి ఇంత చెప్తున్నానంటే, నడుము దగ్గర లూజు తీయించడం, పొడవు తగ్గించడం, చేతులు కురచ చేయించడం ఏ ఆల్టరేషన్ షాపులోనైనా తేలిగ్గా అయిపోతాయి, భుజం తగ్గించాలంటే మాత్రం చేతులు మొత్తం విప్పి మళ్ళీ ఎక్కించాలి, చాలామంది ఆ పనికి ఒప్పుకోరు, ఒప్పుకున్నా చంక దగ్గర ముడతలు వచ్చే అవకాశం ఎక్కువ. ఛాతీ దగ్గర కాస్త బిగుతుగా ఉందంటే లోపలివైపు తిరగేసి చూడండి, కుట్టు పక్కన అర అంగుళమైనా మార్జిన్ ఉంటే విప్పించుకోవచ్చు, లేకపోతే ఎంత నచ్చినా అక్కడే పెట్టేసి రండి.

ట్రయల్ రూములో నిటారుగా నిలబడి అద్దంలో చూసుకుంటే సరిపోదు. ఆఫీసులో మనం నిలబడేది తక్కువ. అక్కడే ఒకసారి కూర్చోండి, రెండు చేతులూ ముందుకి చాపండి, ల్యాప్‌టాప్ ఛార్జర్ తీయడానికి వంగినట్టు వంగండి, పై అరలోంచి ఏదో అందుకున్నట్టు చెయ్యి ఎత్తండి. కూర్చున్నప్పుడు ప్యాంటు వెనక నడుము దగ్గర ఖాళీ వస్తే, అది మనలో చాలామందికి ఉండే ఇబ్బందే, నడుముకి సరిపోయేది తుంటికి పట్టదు, తుంటికి సరిపోయేది నడుము దగ్గర నిలవదు. తుంటికి సరిపోయింది తీసుకుని నడుము వెనక కుట్టులో తగ్గించమని టైలర్‌కి ఇవ్వండి. చెయ్యి ఎత్తినప్పుడు కుర్తా మొత్తం పైకి లేస్తుంటే చంక మరీ కిందికి తీసి కుట్టారని అర్థం, దాన్ని తర్వాత సరిచేయడం కష్టం. చొక్కాకి ఛాతీ దగ్గర రెండు బటన్ల మధ్య నోరు తెరుచుకుంటుంటే ఆ మధ్యలో లోపలివైపు ఒక టిచ్ బటన్ కుట్టించుకోండి, చిన్న పనే గానీ రోజంతా చేత్తో సర్దుకునే బాధ తప్పుతుంది.

బట్ట కొని కుట్టించుకునేవాళ్ళయితే, టేపు కొలతల కంటే ఆది ఇవ్వడమే నయం. జాకెట్టుకి ఆది ఇస్తాం కదా, కుర్తాకీ ప్యాంటుకీ కూడా అలాగే మీకు బాగా సరిపోయిన పాతది ఒకటి ఇచ్చి, అందులో ఏం మార్చాలో నోటితో చెప్పకుండా కాగితం మీద రాసి పిన్ను పెట్టండి. "చేతులు మోచేతి కింద 2 అంగుళాలు, మెడ అర అంగుళం పైకి, కుడివైపు జేబు" అని రాస్తే పొరపాటుకి తావుండదు. జేబు తప్పకుండా పెట్టించుకోండి, పక్క కుట్టులో కలిసిపోయే జేబు పైకి కనపడదు, ఫోనూ ఐడీ కార్డూ పట్టుకుని తిరగక్కర్లేదు. కాలర్‌కి గానీ చైనీస్ కాలర్‌కి గానీ లోపల బక్రమ్, అంటే గట్టిగా నిలబెట్టే అస్తరు బట్ట, వేయమనండి, లేకపోతే రెండు ఉతుకులకే కాలర్ మడత పడిపోతుంది. చీలిక, అదే స్లిట్, తుంటి ఎముక దగ్గర మొదలైతే చాలు, నడుము దాకా చీలిస్తే గాలికి ఎగురుతూ ఉంటుంది.

కాటన్ బట్టయితే కుట్టడానికి ఇచ్చేముందు నీళ్ళలో నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేసి ఇవ్వండి. కాటన్ మొదటి ఉతుకులో కుంచించుకుపోతుంది, అది కుట్టాక జరిగితే ఎంత మంచి ఫిటింగ్ అయినా వృథా. చేనేత బట్ట వెడల్పు ఒక్కోదానికి ఒక్కోలా ఉంటుంది, మామూలు పొడుగు కుర్తాకి సుమారు 2.5 మీటర్లు పడుతుంది, పొడగరులైతే ఇంకాస్త. ఇంకో మాట, శ్రావణమాసం, దసరా, సంక్రాంతి ముందు టైలర్లకి చీరల మీది జాకెట్లతో ఊపిరాడదు, ఆఫీసు బట్టలు ఆ వారాల్లో ఇస్తే హడావిడిగా కుట్టేస్తారు. ఉగాది తర్వాతనో, ఆషాఢం మొదట్లోనో ఇచ్చుకోండి.

బట్ట ఎంచుకోవడం

మన దగ్గర ఆఫీసుకి పనికొచ్చే బట్ట ఎంత ఉందో చూస్తే నాకు నిజంగా గర్వంగా ఉంటుంది. అయినా కొత్తగా చేరిన అమ్మాయిలు చాలామంది ఆన్‌లైన్లో రేయాన్ కుర్తాలే కొంటారు. రేయాన్ కొత్తలో మెత్తగా, చక్కగా జారుతుంది, కొన్ని ఉతుకుల తర్వాత అడుగు అంచు వంకరగా వేలాడుతుంది, మోచేతుల దగ్గర రంగు వెలుస్తుంది. ఇంట్లోకి పరవాలేదు. ఆఫీసుకి కావాల్సింది ఒంటికి అతుక్కోకుండా తన ఆకారంలో తను నిలబడే బట్ట.

అందులో నా మొదటి ఓటు మంగళగిరికి. గుంట మగ్గం మీద గట్టిగా నేసిన కాటన్, మధ్యలో ఏ డిజైనూ లేకుండా ఒకే రంగు, అంచున సన్నటి జరీ. ఈ సాదాతనమే దాన్ని ఆఫీసు బట్టగా నిలబెడుతుంది. కుర్తా కుట్టించేటప్పుడు ఆ జరీ అంచుని మెడకి, చేతులకి, కిందికి, అన్ని చోట్లా పెట్టేస్తే పండగ డ్రెస్ అయిపోతుంది, చేతుల చివర మాత్రమే పెట్టమనండి, మిగతాది వదిలేయమనండి. లేత రంగులకి తప్ప లైనింగ్ కూడా అవసరం పడదు.

పోచంపల్లి ఇకత్‌కి 2005లోనే జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చింది. నేసేముందు నూలునే కట్లు కట్టి రంగులు అద్దుతారు కాబట్టి డిజైను అంచులు కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి, బట్ట రెండు వైపులా ఒకేలా కనిపిస్తుంది. తక్కువ ధరకి ఇకత్ అని అమ్మేవి చాలావరకు పైన అచ్చు వేసిన మిల్లు బట్టలు, తిరగేసి చూస్తే వెనక రంగు వెలవెలబోతూ తెలిసిపోతుంది. ఆఫీసుకి తీసుకునేటప్పుడు చిన్న డిజైను, రెండే రంగులు ఉన్నది తీసుకోండి, నేవీ మీద తెలుపు, బూడిద రంగు మీద నలుపు, మెరూన్ మీద గంధం రంగు. కుట్టేటప్పుడు ముందుభాగం రెండు ముక్కలైతే డిజైన్ కలిసేలా కత్తిరించమని టైలర్‌కి ముందే చెప్పాలి, దానికి పావు మీటరో, అర మీటరో ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. ఎదురుగా కూర్చున్న మనిషికి మొదట కనపడేది ఆ కలయికే.

పెడన కలంకారీ అచ్చులు నల్ల ప్యాంటు మీద అద్భుతంగా ఉంటాయి. సంప్రదాయ పద్ధతిలో చేసినదైతే ఆ నలుపు బెల్లం, తుప్పు పట్టిన ఇనుము కలిపి నానబెట్టిన నీళ్ళతో వచ్చేది, ఎరుపు కూడా కళ్ళకి గుచ్చుకోకుండా ఇటుక రంగులో ఉంటుంది. పెద్ద పెద్ద నెమళ్ళు, బొమ్మలు ఉన్నవి చీరకి వదిలేసి ఆఫీసు కుర్తాకి చిన్న తీగలు, పూలు ఉన్నవి చూసుకోండి. శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖాదీ గురించి చెప్పకుండా ఉండలేను. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని శుభ్రం చేసి, చేత్తో సన్నగా నూలు తీసి నేస్తారు, ఆ తెల్ల బట్టతో ఒక చొక్కా కుట్టించుకుంటే అంత హాయైన బట్ట ఎండాకాలంలో ఇంకోటి ఉండదు. గంజి మాత్రం పెట్టాలి.

ప్యాంట్లకి చేనేత పట్టుబట్టకండి. కాస్త లైక్రా కలిసిన కాటన్ గానీ, మందపాటి పాలీ విస్కోస్ గానీ తీసుకుంటే రోజంతా కూర్చున్నా మోకాళ్ళ దగ్గర ఉబ్బకుండా ఉంటుంది. లినెన్ చూడ్డానికి బాగుంటుంది, క్యాబ్‌లో అరగంట కూర్చుంటే ముడతలే ముడతలు.

దొరికే చోట్లు అందరికీ తెలిసినవే, ఆప్కో షోరూములు, మాదాపూర్ శిల్పారామం స్టాళ్ళు, సికింద్రాబాద్ జనరల్ బజార్, వీలైతే నేరుగా పోచంపల్లి. భూదాన్ పోచంపల్లి హైదరాబాదుకి దగ్గరే, ఆదివారం పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి వచ్చేయొచ్చు.

ఎన్ని కొనాలి, ఎలా కలపాలి

మొదటి జీతంతో పది కుర్తాలు కొనేయాలనిపిస్తుంది. ఆగండి. మూడు ప్యాంట్లతో మొదలుపెట్టండి: నేవీ, నలుపు లేదా చార్‌కోల్ (ముదురు బూడిద రంగు), గంధం లేదా లేత గోధుమ రంగు. ఇవి మూడూ స్ట్రెయిట్ కట్ అయితే కుర్తాకీ, చొక్కాకీ, టాప్‌కీ దేనికైనా వాడొచ్చు. పైన వేసుకునేవి ఐదు ఉంటే చాలు, వాటిలో మూడు ఒకే రంగువి, రెండు డిజైన్ ఉన్నవి. ఐదూ మూడు ప్యాంట్లకీ సరిపోయేలా ఎంచుకుంటే పదిహేను జతలు, అంటే మూడు వారాల పనిదినాలు తిరిగి రాకుండా గడుస్తాయి. వీటన్నిటి మీదా వేసుకోగలిగే జాకెట్ ఒకటి.

ఆ జాకెట్ మీద డబ్బు పెట్టండి. నల్ల బ్లేజరే కానక్కర్లేదు. నా దృష్టిలో మన ఆఫీసులకి అన్నిటికన్నా బాగా కుదిరేది తుంటి దాకా వచ్చే ఇకత్ జాకెట్, చేతులు లేనిదైనా, మోచేతి దాకా ఉన్నదైనా. తెల్ల చొక్కా, చార్‌కోల్ ప్యాంటు వేసుకుని ఎక్కువమంది కళ్ళలో పడకుండా కూర్చున్న అమ్మాయి ఆ జాకెట్ వేసుకుని మీటింగ్‌లోకి వెళ్తే మాట్లాడేముందే నలుగురూ అటు చూస్తారు. పైగా చున్నీ అవసరం ఉండదు. ఏసీ చలికి చాలామంది హుడీ వేసుకుని రోజంతా అందులోనే ఉండిపోతారు, అలా ఉంటే కింద ఎంత మంచి బట్ట ఉండి ఏం లాభం? చలి ఎక్కువైతే ఒకే రంగు సన్నటి కార్డిగన్ సీటు దగ్గర పెట్టుకోండి.

రంగులు కలపడానికి పెద్ద సూత్రాలు అక్కర్లేదు, డిజైను ఉన్నది ఒక్కటే ఉండాలి, మిగతావి సాదాగా ఉండాలి, అది పాటిస్తే చాలావరకు తప్పు జరగదు. నేవీ ప్యాంటు మీద ఉల్లిపొర రంగు మంగళగిరి కుర్తా. గంధం రంగు ప్యాంటు మీద నేరేడు పండు రంగు చైనీస్ కాలర్ కుర్తా, మోకాలి పైకి. నలుపు మీద కలంకారీ, చెవులకి చిన్న ఆక్సిడైజ్డ్ జుంకీలు. చార్‌కోల్ మీద ఆవపిండి పసుపు చొక్కా, చేతులు ఒక మడత పైకి మడిచి. మన ఒంటి రంగుకి ముదురు పచ్చ, మెరూన్, నెమలి నీలం, ఇటుక రంగు చాలా బాగా నప్పుతాయి, చామనఛాయ వాళ్ళు లేత రంగులే వేసుకోవాలని ఎవరైనా చెప్తే పట్టించుకోకండి.

కుర్తా పొడవు విషయంలో ఒక్క మాట. ప్యాంటు మీద వేసుకునే కుర్తా మోకాలి పైన ఆగినా, మోకాలి కింద కాస్త దిగినా బావుంటుంది, పిక్కల మధ్య దాకా వచ్చిందంటే పొట్టిగా ఉన్నవాళ్ళు ఇంకా పొట్టిగా కనిపిస్తారు. ఎత్తు తక్కువైన వాళ్ళు పైనా కిందా ఒకే ఛాయ వేసుకుని, పైన వేరే రంగు జాకెట్ వేసుకుంటే పొడుగ్గా అనిపిస్తుంది.

లెగ్గింగ్స్ గురించి అడుగుతారని తెలుసు. మందంగా ఉండి, పొడుగు కుర్తా కింద వేసుకుంటే ఎవరూ ఏమీ అనరు. కానీ అదే కుర్తా కింద స్ట్రెయిట్ ప్యాంటు వేసి అద్దంలో చూసుకోండి, తేడా మీకే తెలుస్తుంది. జీన్స్ అయితే ముదురు నీలం, చిరుగులూ వెలిసిన మచ్చలూ లేనిది, అదీ మీ టీమ్‌లో సీనియర్లు వేసుకోవడం చూశాకే.

ఆఫీసుకి చీర

చీర బిజినెస్ క్యాజువల్‌లోకి వస్తుందా అంటే నిస్సందేహంగా వస్తుంది, దాన్ని ఏ చీర, ఎలా కట్టారు అనేదే తేలుస్తుంది. ఆగస్టు 7న చేనేత దినోత్సవం (1905లో స్వదేశీ ఉద్యమం మొదలైన రోజు అది, 2015 నుంచి జరుపుతున్నారు) పేరుతో చాలా ఆఫీసుల్లో అందరూ చీరల్లో వస్తారు, ఆ రోజు పట్టు కట్టినా ఫరవాలేదు. మామూలు మంగళవారం నాడు మాత్రం సన్నంచు చీరే కట్టండి. నారాయణపేట కాటన్ గళ్ళు, మంగళగిరి సాదా, అంచు సన్నగా ఉన్న వెంకటగిరి, ఇవి ఆఫీసుకి పుట్టినట్టుంటాయి. గద్వాల అయితే ఒళ్ళు కాటన్, అంచూ కొంగూ పట్టు కాబట్టి చిన్న అంచుది చూసుకుంటే క్లయింట్ వచ్చే రోజుకి బాగా సరిపోతుంది.

జాకెట్టు మీదే సగం ఆధారపడి ఉంటుంది. మోచేతి దాకా చేతులు, బోట్ నెక్ గానీ కాలర్ గానీ, వీపు మరీ లోతు లేకుండా, తాళ్ళూ లట్కన్లూ లేకుండా కుట్టించండి. ఒక నలుపు, ఒక గోధుమ రంగు, ఒక ఇకత్ జాకెట్టు ఉంటే పది చీరలకి తిప్పి తిప్పి వేసుకోవచ్చు, మ్యాచింగ్ సెంటర్ల చుట్టూ తిరిగే పని తప్పుతుంది. కట్టేటప్పుడు ఆఫీసుకి వేసుకునే చెప్పులు వేసుకునే కట్టాలి, అంచు నేలకి తగిలీ తగలనట్టు ఉండాలి, నడిచేటప్పుడు కాలి కింద పడకూడదు. కుచ్చెళ్ళు బొడ్డు దగ్గర లోపలివైపు పిన్నీసుతో పట్టించి, పైట సన్నటి మడతలు పెట్టి భుజం మీద పిన్ను చేయండి, పిన్ను జాకెట్టు కుట్టు మీద పడేలా పెడితే బట్ట చిరగదు. పైట పొడవు మోకాలి వెనక దాకా చాలు, ఇంకా పొడుగైతే తిరిగే కుర్చీ చక్రాల్లో పడుతుంది. రోజూ చీర కట్టే లెక్చరర్లని అడగండి, ఇవన్నీ వాళ్ళకి కొట్టినపిండి.

స్కూటీ మీద వెళ్ళేవాళ్ళకి ఇది మాత్రం గట్టిగా చెప్తున్నాను. చున్నీ అయినా, పైట అయినా బండి ఎక్కేముందు ముడి వేసి దోపుకోండి. చక్రంలో చున్నీ చుట్టుకుని జరిగే ప్రమాదాలు వార్తల్లో చూస్తూనే ఉన్నాం. చున్నీ మడిచి బ్యాగులో పెట్టుకుని ఆఫీసులో దిగాక వేసుకుంటే ముడతలు కూడా పడవు.

చెప్పులు, బ్యాగు, ఐడీ కార్డు

ఎంత బాగా తయారైనా చెప్పుల దగ్గర వదిలేస్తే అంతా పోతుంది. నల్ల లోఫర్లు గానీ మూసి ఉన్న బెల్లీస్ గానీ ఒక జత, గోధుమ రంగు తోలు చెప్పులు, కొల్హాపురీ లాంటివి, ఒక జత ఉంటే ఏడాది గడుస్తుంది. హీల్ ఇష్టమైతే 2 అంగుళాలు దాటని, అడుగు వెడల్పుగా ఉన్న బ్లాక్ హీల్ తీసుకోండి. ప్యాంటు పొడవు తగ్గించేది చెప్పులు ఖాయం చేసుకున్నాకే, హీల్‌కి కుట్టించిన ప్యాంటు ఫ్లాట్స్‌తో వేస్తే నేల ఊడుస్తుంది. వానాకాలంలో మెట్రో దిగి నడిచేవాళ్ళు దారికి రబ్బరు చెప్పులు వేసుకుని, మంచి జత ఆఫీసు డ్రాయర్లో ఉంచుకోవడం ఉత్తమం, లేత రంగు ప్యాంట్లు జూన్ నుంచి సెప్టెంబరు దాకా లోపల పెట్టేయండి.

బ్యాక్‌ప్యాక్ వీపుకి మంచిదే, కాకపోతే పట్టీలు రాసుకుని కుర్తా భుజాల మీద ఉండలు కడతాయి. ల్యాప్‌టాప్ రోజూ మోయాల్సిన వాళ్ళు పట్టీలు మెత్తగా ఉన్నది చూసుకోండి, అక్కర్లేని రోజు గట్టి హ్యాండ్‌బ్యాగు తీసుకెళ్ళండి. ఐడీ కార్డు తాడు మెడలో వేసుకుంటే దాని మీద ఇంకో హారం వద్దు, రెండూ చిక్కుపడతాయి, పైగా కంపెనీ తాడు రంగు మన కుర్తా రంగుతో ఎప్పుడూ కలవదు. క్లిప్పు కొనుక్కుని జేబుకి తగిలించుకుంటే గొడవ లేదు.

బొట్టు, నల్లపూసలు, గాజులు, పువ్వులు వీటి గురించి కొత్తవాళ్ళు మొహమాటపడుతుంటారు. పెట్టుకునేవాళ్ళు పెట్టుకోండి, దానివల్ల ప్రొఫెషనల్‌గా కనిపించకుండా పోరు. చొక్కా కాలర్‌కి పొట్టి నల్లపూసలు బాగుంటాయి, పొడుగు సూత్రాల తాడు లోపలికి వేసుకోవచ్చు. గాజులు మాత్రం కాల్‌లో మైకు దగ్గర గలగలమంటే అవతలివాళ్ళకి అదే వినిపిస్తుంది, ఒక చేతికి వాచీ, రెండో చేతికి ఒక్క కడియం సరిపోతుంది. జుట్టు వదిలేసినా, జడ వేసినా దువ్వి ఉంటే చాలు. నా మటుకు నాకు నూనె రాసి బిగించి వేసిన ఒంటి జడ ఏ బ్లో డ్రైకీ తీసిపోదు.

లోపలి బట్టలు కూడా ఇందులో భాగమే. తెల్ల కుర్తా కింద తెల్లవి వేసుకుంటే స్పష్టంగా కనిపిస్తాయి, ఒంటి రంగువి వేసుకోండి. లేత రంగు కుర్తాలకి చంక దగ్గర ఒక పొర కాటన్ ముక్క అస్తరుగా వేయించుకుంటే ఎండాకాలంలో చెమట మరక బయటికి రాదు, ఉతికి వాడుకోవచ్చు.

వీడియో కాల్ ఉన్న రోజు

కెమెరాలో సన్నటి చారలు, చిన్న చిన్న గళ్ళు అలలు అలలుగా కదిలినట్టు కనిపిస్తాయి, చూసేవాళ్ళకి చికాకు. పూర్తి తెలుపు వేసుకుంటే కెమెరా వెలుతురు తగ్గించేసుకుని ముఖం నల్లగా చూపిస్తుంది. ముదురు పచ్చ, నీలం, మెరూన్ లాంటి సాదా రంగు, మెడ దగ్గర కాలర్ గానీ చక్కటి గీత గానీ ఉన్నది వేసుకోండి. ఇంటి నుంచి పనిచేసే రోజు పైన కుర్తా, కింద నైటు ప్యాంటు వేసుకునేవాళ్ళు కాల్ మధ్యలో లేవాల్సి వస్తే ఏమవుతుందో ఒకసారి ఆలోచించుకోండి.

ఉతుకు, గంజి, ఇస్త్రీ

చేనేత బట్టలు మొదటి మూడు నాలుగు సార్లు విడిగా, చల్లటి నీళ్ళలో, ఎక్కువసేపు నానబెట్టకుండా ఉతకాలి. ఉప్పు వేస్తే రంగు నిలుస్తుందని ఇంట్లో పెద్దవాళ్ళు చెప్తారు గానీ, అప్పటికే అద్దేసిన బట్టకి దానివల్ల పెద్దగా ఒరిగేది ఉండదు. తిరగేసి నీడలో ఆరేయడం వల్లే రంగు ఎక్కువ కాలం నిలుస్తుంది. గంజి పలచగా, వడకట్టి పెట్టాలి, ముదురు రంగులకి చిక్కటి గంజి పెడితే తెల్ల మచ్చలు పడతాయి. కాస్త తడి ఉండగానే ఇస్త్రీ చేస్తే మడతలు సులభంగా పోతాయి, పూర్తిగా ఎండిపోతే నీళ్ళు చిలకరించి పావుగంట చుట్టిపెట్టి చేయండి.

ఆదివారం సాయంత్రం వారానికి సరిపడా ఐదు జతలూ ఇస్త్రీకి ఇచ్చేసి, వచ్చాక జత జతగా హ్యాంగర్లకి తగిలించుకుంటే పొద్దున్నే బీరువా ముందు నిలబడి ఆలోచించే పని ఉండదు. తగిలించేటప్పుడే ఊడిన బటన్, వేలాడే దారం, విడిపోయిన అంచు చూసుకోండి. దారాలు లాగకండి, కత్తెరతో కత్తిరించండి.

అమెరికాకో ఇంకెక్కడికో వెళ్ళేవాళ్ళు

డల్లస్‌లోనో న్యూజెర్సీలోనో ఉద్యోగంలో చేరబోయే మనవాళ్ళు ఇక్కడి నుంచి పెట్టెనిండా ఫార్మల్స్ కుట్టించుకుని వెళ్తారు. రెండు జతలు చాలు. అక్కడి చలికి ఉన్ని కలిసిన ప్యాంటు, సన్నటి స్వెటర్, కోటు అక్కడే కొనుక్కోవడం మేలు. ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు, అంతకంటే తక్కువ ఉన్నవాళ్ళు "పెటీట్" సైజుల్లో వెతకండి, అందులో పొడవే కాకుండా భుజాలు, మోకాలి చోటు కూడా మన ఎత్తుకి తగ్గట్టు ఉంటాయి. అక్కడ టైలర్ ఖర్చు ఎక్కువ కాబట్టి మీ దగ్గరున్న ప్యాంట్లు వెళ్ళేముందే ఇక్కడే సరిచేయించుకోండి. మోకాలి పైన ఆగే మంగళగిరి కుర్తాలు, ఇకత్ జాకెట్ మాత్రం తప్పకుండా పట్టుకెళ్ళండి, వసంతం రాగానే పనికొస్తాయి. డ్రై క్లీనింగ్ అక్కర్లేనివే పెట్టుకోండి.

మొదటి రోజుకి

నేవీ లేదా నల్ల స్ట్రెయిట్ ప్యాంటు, లేత రంగు సాదా కుర్తా గానీ చొక్కా గానీ, మూసి ఉన్న బెల్లీస్, బ్యాగులో జాకెట్. ఏ ఆఫీసుకైనా ఇది ఎక్కువా కాదు, తక్కువా కాదు. మొదటి వారమంతా మీకంటే రెండు మూడు మెట్లు పైనున్న ఆడవాళ్ళు సోమవారం ఏం వేసుకొస్తున్నారో, శుక్రవారం ఏం వేసుకొస్తున్నారో, క్లయింట్ వచ్చిన రోజు ఏం మార్చారో గమనించండి. సందేహం ఉంటే హెచ్ఆర్‌ని నేరుగా అడగండి, చీర కట్టుకోవచ్చా, జీన్స్ ఎప్పుడు, చేతులు లేనివి పరవాలేదా అని, అడిగినందుకు ఎవరూ తక్కువగా అనుకోరు. మిగతా బట్టలు ఆ తర్వాతే కొనండి.